షాలిబండ నుంచి ద్రాక్ష కడ్డీలు

అక్టోబర్‌లో మన ప్రాంతపు ద్రాక్ష పందిళ్లకు కత్తెర పడుతుంది. ఏడాదిలో కత్తిరింపులు రెండు. ఏప్రిల్‌ది తీగ కోసం, అక్టోబర్‌ది కాయ కోసం. ఏప్రిల్ తర్వాత వచ్చిన రెమ్మలు వానాకాలమంతా ముదిరి, పచ్చదనం పోయి, అక్టోబర్ నాటికి కట్టెబారతాయి. కాపుకు కావలసిన కన్నులు ఉంచి మిగతాది కోసి పారేస్తారు. తోట వేసినవాళ్లకు అది చెత్త. డాబా మీద ఒక్క తీగైనా పాకించుకోవాలని ఆశపడే నాలాంటి వాళ్లు ఏడాది పొడుగునా చూసేది ఆ చెత్త కోసమే. పాతబస్తీలో, షాలిబండ వెనక గల్లీలో ఒకరింట్లో ద్రాక్ష పందిరి కత్తిరిస్తున్నారని ఫోన్ వచ్చింది. ఆ మర్నాడే బయల్దేరాను.

ద్రాక్ష మొక్క నర్సరీలో దొరకదా అని ఇంట్లో అడిగారు. దొరుకుతుంది. థాంప్సన్ సీడ్‌లెస్ దొరుకుతుంది, నల్ల రకాలు దొరుకుతాయి. నాకు కావలసింది అనాబ్-ఎ-షాహి. కోలగా, లావుగా, గింజతో ఉండే పండు. బాగా పండితే లేత తేనె రంగుకు తిరుగుతుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఈ రకాన్ని హైదరాబాద్‌లో ప్రవేశపెట్టారని ఉద్యాన శాస్త్ర పుస్తకాలన్నీ చెబుతాయి. అంతకుముందు దక్కన్‌లో ద్రాక్ష లేదని కాదు. భోక్రీ, పంధారీ సాహెబీ, హబ్షీ లాంటి రకాలు ఉండేవి. కానీ అనాబ్-ఎ-షాహి వచ్చాక ఈ ఊరి పేరు ద్రాక్షతో ముడిపడింది. నిన్నమొన్నటి దాకా కూకట్‌పల్లి, మేడ్చల్, కీసర, ఘట్‌కేసర్ వైపు వెళితే రాతి స్తంభాల మీద తీగలు అల్లుకున్న పందిళ్లు కనిపించేవి. ఇప్పుడు ఆ జాగాల్లో వెంచర్లు వెలిశాయి. భూమి ధర పెరిగింది, బోర్లు ఎండాయి, జనం నోరు గింజలేని పండుకు అలవాటు పడింది. దానికితోడు బూజు తెగులుకు అనాబ్-ఎ-షాహి తొందరగా లొంగిపోతుంది. ఇన్ని కారణాలు కలిశాక ఏ రైతును తప్పుపట్టగలం?

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నా ప్రయాణానికి అర్థం లేదు. ద్రాక్ష గింజ నాటితే మొలుస్తుంది గానీ తల్లి పోలిక రాదు. కాయ పులుపు కావచ్చు, చిన్నది కావచ్చు, ఏమైనా కావచ్చు. రకం నిలవాలంటే కడ్డీ కోసి వేరు పట్టించాల్సిందే. అంటే హైదరాబాద్ చుట్టూ కాసిన ప్రతి అనాబ్-ఎ-షాహి తీగా మొదటి తీగకు బిడ్డ కాదు, ఆ తీగే. నూట ముప్ఫై ఏళ్లకు పైగా అదే ప్రాణం ఒక పందిరి నుంచి ఇంకో పందిరికి, ఒక మనిషి చేతి నుంచి ఇంకో మనిషి చేతికి కడ్డీగా మారుతూ వస్తోంది. తోటలు పోతే అది మిగిలేది ఇళ్లలోనే. ఇళ్లలో మిగలాలంటే ఎవరో ఒకరు వెళ్లి అడగాలి, కోసి తెచ్చుకోవాలి, బతికించాలి.

మాది కొత్తపేట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఎండాకాలం తెల్లవారుజామున లారీల హారన్లతో మెలకువ వచ్చేది. ఆ మార్కెట్‌ను బాటసింగారం తరలించాక ఆ చప్పుడూ లేదు, వాసనా లేదు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాను. చేతిలో తడిపిన గోనెగుడ్డ, పదునుపెట్టిన కత్తెర, సుతిలి తాడు. అక్కడి నుంచి ఆటో ఎక్కొచ్చు. కానీ నయాపూల్ మీదుగా నడిచి పాతబస్తీలోకి అడుగుపెడితేనే నాకు వెళ్లినట్టు ఉంటుంది.

అఫ్జల్‌గంజ్ దాటి వంతెన ఎక్కబోయే ముందు కుడిపక్క ఉస్మానియా ఆస్పత్రి. ఆ ఆవరణలోని చింతచెట్టు సంగతి హైదరాబాదీలకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. వంతెన అవతల హైకోర్టు గుమ్మటాలు, ఎడమపక్క సాలార్‌జంగ్ మ్యూజియం. మదీనా చౌరస్తా దాటితే పత్తర్‌గట్టి రాతి కమానులు. వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో ఈ వీధికి ఈ రూపం వచ్చింది. చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, చార్మినార్. 1591 నాటి కట్టడం చుట్టూ గాజుల బేరాలు, అత్తరు వాసన, తోపుడు బళ్ల మీద సీతాఫలాలు. అక్టోబర్ కదా, సీతాఫలం కాలం. ఎక్కడా ఆగకుండా షాలిబండ వైపు నడిచాను, ఎందుకంటే మధ్యాహ్నం ఎండ పెరిగేలోపు కొమ్మ కోయాలి. ఎండలో కోసిన కడ్డీ అప్పటికే నీరు కోల్పోయి ఉంటుంది.

నేను వెళ్లింది నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన ఇంటికి. ఆయన లేరు. వాళ్లావిడను చిన్నప్పటి నుంచీ ఖాలా అనే పిలుస్తాను. ఇల్లు బయటి నుంచి చూస్తే ఇరుకు సందులో ఒక ఆకుపచ్చ తలుపు, అంతే. లోపలికి అడుగుపెడితే నాలుగు పక్కలా గదులు, నడుమ ఆకాశం కనిపించే సెహెన్. ఒకప్పటి పెద్ద దేవిడీని వాటాలు వేసుకోగా వీళ్ల భాగానికి వచ్చిన ముక్క అది. ఓ మూల దానిమ్మ, ఇంకో మూల అంజీర్, కుండీల్లో మల్లె, పుదీనా. మీదంతా ద్రాక్ష పందిరి. మొదలు నా ముంజేయి కంటే లావుగా ఉంది. నేల మీద పరిచిన బండల మధ్య జానెడు సందులోంచి లేచి, గోడ పట్టుకుని ఎక్కి, ఇనుప తీగల మీద ఇల్లంత విస్తీర్ణం పాకింది. పాతబస్తీలో ఇలాంటి సెహెన్‌లు ఒక్కొక్కటే శ్లాబుల కింద పడి మాయమవుతున్నాయి. ఒక ఇల్లు అపార్ట్‌మెంట్ అయినప్పుడు అందులో ఏయే చెట్లు పోయాయో ఎవరూ రాసిపెట్టరు. నాకు ఆ దిగులు ఎప్పుడూ ఉంటుంది.

మాలీ నిచ్చెన మీద ఉన్నాడు. ఖాలా కింద మంచం మీద కూర్చుని కొమ్మ కొమ్మకూ హుకుం ఇస్తోంది. నన్ను చూడగానే, "ఆగయే బేటా? నీ కోసమే ఆ పక్కది కోయలేదు, రా" అంది. ఆవిడ మాట సగం తెలుగు, సగం దక్కనీ. పందిరి ఎవరు పెట్టారని అడిగితే వాళ్ల మామగారు కడ్డీ తెచ్చి పెట్టారని చెప్పింది. ఎక్కడి నుంచి తెచ్చారంటే, ఇంకో ఇంటి నుంచి. అక్కడికి ఎలా వచ్చిందంటే, ఆవిడ నవ్వింది. "అంగూర్ కూడా చుట్టమే బేటా, ఇల్లిల్లూ తిరుగుతది."

కొమ్మ ఎంచుకోవడం మాలీ దగ్గర నేర్చుకున్నాను. మరీ లేతది పనికిరాదు, కుళ్లిపోతుంది. మరీ ముదురుదీ వద్దు. ఈ ఏడు పెరిగి గట్టిపడ్డ కొమ్మ, పెన్సిలంత లావుది, కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నది కావాలి. విరిచి చూస్తే లోపల పచ్చగా తడిగా ఉండాలి, గోధుమరంగుకు ఎండిపోయి ఉంటే వదిలెయ్యాలి. ఒక్కో కడ్డీకి మూడు నాలుగు కణుపులు, జానెడు లేదా కాస్త ఎక్కువ పొడవు. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన అడ్డంగా, పైకోత చివరి కణుపుకు అంగుళం ఎగువన ఏటవాలుగా. ఆకులూ నులితీగలూ తీసెయ్యాలి.

ఏటవాలు కోత నీరు జారడానికి అనుకుంటారు. దాని అసలు ఉపయోగం తల ఏదో తోక ఏదో గుర్తుండటం. కడ్డీని గోనెలో చుట్టి ఇంటికి తెచ్చాక ఏది పైనో ఏది కిందో చెప్పడం కొత్తవాళ్లకు కష్టం. ఖాలా నా చేతిలో కట్ట పెడుతూ, "ఉల్టా నక్కో లగావ్, హా" అని మరీ మరీ చెప్పింది. ఆవిడ మాటలో వృక్షశాస్త్రమంతా ఉంది. వేరు పుట్టమని చెప్పే రసాయనం ఆక్సిన్ కొమ్మ చివర్లలో, కన్నుల్లో తయారై కిందికి దిగి అడుగు కోత దగ్గర పోగవుతుంది. అక్కడే కణాలు విభజన చెంది ముందు తెల్లటి కండలాంటి కాలస్ కడుతుంది, ఆ చుట్టుపక్కల నుంచి వేళ్లు తన్నుకొస్తాయి. కడ్డీని తలకిందులు చేసి పాతినా ఆక్సిన్ తన దారి మార్చుకోదు. ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త 1928లో ఓట్ మొలకల మీద ప్రయోగాలు చేసి ఈ పదార్థం ఉందని నిరూపించాడు. ఇవాళ ఎరువుల దుకాణంలో చిన్న డబ్బాల్లో అమ్మే వేరు పొడుల్లో ఉండేది దాని చుట్టమే, ఐబీఏ. ద్రాక్షకు అది తప్పనిసరి కాదు. పెట్టుకుంటే వేళ్లు త్వరగా, ఒత్తుగా వస్తాయి. పొడిని అడుగు కోతకు పలచగా అద్ది అదనపుది దులిపెయ్యాలి. ఎక్కువైతే వేరు రావడం అటుంచి కోతే నల్లబడుతుంది.

ఛాయ్ తాగి కట్టను గోనెలో చుట్టుకుని బహదూర్‌పురా వైపు బస్సు పట్టుకున్నాను. కుడిచేతి పక్క మీర్ ఆలం చెరువు. దాని కట్ట ఇరవై ఒక్క కమానులను వరసగా పడుకోబెట్టి కట్టింది, పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లది, ఇంకా నీళ్లను ఆపుతోంది. చెరువు ఒడ్డునే జూపార్కు. ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్, అక్కడ ద్రాక్ష పరిశోధన కేంద్రం. ఇప్పుడది కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఊరంతా పందిళ్లు లేచిపోయాక, వరసలు వరసలుగా పేర్లు రాసిన పలకలతో రకాలన్నీ ఒకచోట ఉండటం చూస్తే మనసు కుదుటపడింది. కర్ణాటకలో పేరున్న దిల్‌ఖుష్ కూడా అనాబ్-ఎ-షాహిలోంచి ఎంపిక చేసిందే. మన తీగ పేరు మార్చుకుని పక్క రాష్ట్రంలో బతుకుతోందన్నమాట.

నేల గురించి, నీళ్ల గురించి అక్కడ నేను అడిగినవి నాకు తర్వాత చాలా పనికొచ్చాయి. ద్రాక్షకు ఉప్పు గిట్టదు. మా కొత్తపేట బోరు నీళ్లు ఆరిన గచ్చు మీద తెల్లచారలు పెడతాయి, అవి కుండీలో పోస్తే లేత వేరు మాడిపోతుంది. నల్లా నీళ్లే పోయాలి. మహారాష్ట్ర వ్యాపార తోటల్లో ఉప్పు నేలలను తట్టుకోవడానికే డాగ్‌రిడ్జ్ అనే వేరుమూలం మీద అంటు కడతారు. కుండీలో ఒకటి రెండు తీగలు పెంచుకునేవాళ్లకు సొంత వేళ్ల మొక్క చాలు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కడ్డీ ఒక్కటే రాదు, దాన్ని పట్టుకుని తెగులూ వస్తుంది. 1860ల్లో అమెరికా నుంచి తెచ్చిన తీగల వెంట ఫైలోక్సెరా అనే వేరు పేను ఫ్రాన్స్‌కు చేరి అక్కడి తోటల్ని ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. చివరికి అమెరికా వేరుమూలాల మీద అంటు కట్టి వాటిని నిలబెట్టుకున్నారు. బూజు తెగులూ అలాగే అమెరికా నుంచి దిగింది. దానికి మందును 1885లో బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మిలార్డే ప్రకటించాడు. మైలుతుత్తం, సున్నం, నీళ్లు. ఆ ఊరి పేరుతోనే మన రైతులు నేటికీ బోర్డో మిశ్రమం అంటారు. ఇంటికి ఒక లీటరు చాలు. పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం, విడివిడిగా ప్లాస్టిక్ పాత్రల్లో కరిగించి కలపాలి. ఇనుప గిన్నె వాడకూడదు. మచ్చలున్న కొమ్మను అసలు ఇంటికే తెచ్చుకోకపోవడం అన్నిటికంటే మేలు.

సాయంత్రం ఇల్లు చేరి కడ్డీల అడుగు భాగం రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచాను. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన కుండీల్లో సగం నాటాను. మిగతా సగం కోసిన నీళ్ల సీసాల్లో నాటి, చుట్టూ నల్ల కాగితం చుట్టాను. వేళ్లకు వెలుతురు పడదు గనక కాగితం, వేరు వచ్చిందో లేదో విప్పి చూడటానికి సీసా. మొదటిసారి కడ్డీ నాటేవాళ్లందరికీ ఈ సీసా పద్ధతి చెబుతాను. మొక్కను పదేపదే పీకి చూడాలన్న ఆత్రాన్ని ఇదొక్కటే ఆపుతుంది. అడుగున చిల్లులు పెట్టాలి. రెండు కణుపులు మట్టిలో, ఒకటో రెండో పైన. మట్టి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. ఎండ నేరుగా పడని వెలుతురు కావాలి.

దీపావళి నాటికి కన్నులు ఉబ్బి పగిలాయి. గులాబీ అంచుతో నూగు ఆకులు విప్పుకున్నాయి. ఇంటికొచ్చినవాళ్లంతా బతికాయి అన్నారు. సీసా మీది కాగితం విప్పితే అడుగున ఒక్క వేరు లేదు. ద్రాక్ష కడ్డీ విషయంలో అందరూ తొందరపడేది ఇక్కడే. దాచుకున్న డబ్బుతో కొన్నాళ్లు దర్జాగా నడిచే ఇంటి లాంటిది ఆ కడ్డీ. కట్టెలో నిల్వ ఉన్న పిండి పదార్థంతో ఆకు వేస్తుంది. రాబడి మొదలయ్యేది వేరు పడ్డాకే. ఈలోగా ఆకులు గాలిలోకి నీరు వదులుతూనే ఉంటాయి, లోపలికి లాగే దారి లేదు. అందుకే చక్కగా చిగిర్చిన కడ్డీ ఉన్నట్టుండి వాడిపోతుంది. పచ్చదనం చూసి ఎండలో పెట్టినా, ఎరువు వేసినా వాటిని చంపుకున్నట్టే. మీద పాలిథిన్ సంచి తొడిగి గాలిలో తేమ నిలపాలి, రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వాలి, లేకపోతే బూజు పడుతుంది. కొన్ని అప్పటికీ అడుగు నుంచి నల్లబడి మెత్తబడ్డాయి. అవి తీసి దూరంగా పారేశాను.

తర్వాత చలి ముదిరింది. హైదరాబాద్ చలి మనుషులకు హాయి, కడ్డీకి కాదు. మట్టి చల్లబడితే వేరు కదలదు. దక్షిణం వైపు గోడ పగలంతా ఎండ తాగి రాత్రి వెచ్చగా ఉంటుంది గనక సీసాలన్నీ దాని పక్కకు జరిపాను. ఒక ఉదయం కాగితం విప్పితే సీసా అంచున, కింది కణుపు పక్కన తెల్లటి కాలస్, దాని మీంచి మీగడ రంగులో సన్నటి వేళ్లు. అరిచి అమ్మను పిలిచాను. అమ్మ వచ్చి కళ్లద్దాలు సవరించుకుని, "అబ్బ, నిజంగనే వచ్చినయే!" అంది. ఊరి చుట్టూ ఇన్ని పందిళ్లు కూలిపోయాయని ఇన్నేళ్లుగా బాధపడుతున్నాను. ఆ బాధకు బదులుగా నా చేతులతో ఒకటి నిలబెట్టిన ఆనందం మామూలుది కాదు.

వేళ్లు సీసా అడుగు తాకాక, సంక్రాంతి దాటి ఎండ కాస్త వేడెక్కాక, మట్టిగడ్డ చెదరకుండా పెద్ద కుండీల్లోకి మార్చాను. సంచులు ఒక్కసారిగా తీసెయ్యకుండా గంటలు పెంచుకుంటూ బయటి గాలికి అలవాటు చేశాను. సీసాలోనే ఉంచిన ఒక మొక్క పట్టుకుని మళ్లీ షాలిబండ వెళ్లాను. ఖాలా కూతురు ఇప్పుడు చాంద్రాయణగుట్ట వైపు కొత్త ఇంట్లో ఉంటోంది, ఆ ఇంటి మేడ మీదికని అడిగింది. తన సెహెన్‌లో అంత పందిరి పెట్టుకుని నా చేతి మొక్క ఎందుకని అడిగాను. "మాలీ ఎప్పుడూ కొంచెం కొంచెమే కోస్తడు, నాకు నాటే చేతులు లేవిప్పుడు. నీ దగ్గర వేరొచ్చింది కదా" అంది. వేళ్లు కనిపిస్తున్న సీసాను చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

ద్రాక్షకు మొదటి ఏడాది కాయ ఆశించకూడదు. ఒక్క మొదలు నిటారుగా పైకి పాకనిచ్చి, పక్క రెమ్మలు గిల్లుతూ, పందిరి ఎత్తు చేరాక తల తుంచి రెండు పక్కలా చేతులు సాగదీయాలి. అనాబ్-ఎ-షాహి జోరున పెరిగే తీగ, దానికి పందిరే సరి. మా అపార్ట్‌మెంట్ డాబా మీద వాటర్ ట్యాంక్ పక్క జాగా అడిగితే అసోసియేషన్‌లో కొంత చర్చ జరిగింది. శ్లాబుకు చెమ్మ దిగుతుందని ఒకరి భయం, ఆకులు రాలితే ఎవరు ఊడుస్తారని ఇంకొకరి ప్రశ్న. కుండీల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తానని, ఊడ్చేది నేనేనని చెప్పాను. పిట్టగోడకు మేకు కొట్టకుండా జీఐ పైపులతో విడిగా పందిరి వేసుకోమని సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. పైపులు వచ్చే వారం వస్తాయి. మూడో అంతస్తు పిన్నిగారు తనకూ ఒక కడ్డీ కావాలన్నారు. అక్టోబర్ దాకా ఆగమన్నాను.